పాత విమానానికి కొత్త ఏవియానిక్స్: పెట్టించాలా, వద్దా?

వాడిన విమానం కొన్నవారి చూపు మొదట ఇంజన్ మీద పడదు, పైలట్ ముందుండే పరికరాల పలక, అంటే ప్యానెల్ మీద పడుతుంది. పక్క హ్యాంగరులోని విమానంలో రంగుల తెరలు వెలుగుతుంటాయి. మనదాంట్లో ఏనాటిదో రేడియో నారింజ రంగు అంకెలతో మినుకుమంటుంటుంది. ఆ పోలిక మనసులో పడిన రోజునే సగం నిర్ణయం జరిగిపోతుంది. మిగతా సగాన్ని తయారీదారు బ్రోషరు పూర్తి చేస్తుంది. నిజానికి రేడియో, జీపీఎస్ వంటి ఏవియానిక్స్ పరికరాల్లో ఏ పెట్టె కొనాలన్నది ఈ వ్యవహారంలో చిట్టచివరి ప్రశ్న. దానికి ముందు తేల్చుకోవలసినవి చాలా ఉన్నాయి.

ఇక్కడ చెప్పేది పిస్టన్ ఇంజన్ ఉన్న, టైప్ సర్టిఫికేట్ (ఆ మోడల్‌కు అధికారిక ఆమోదం) పొందిన చిన్న సొంత విమానాల గురించి. సొంతంగా కట్టుకున్న ఎక్స్‌పెరిమెంటల్ విమానాలకు నిబంధనలు సడలింపుగా ఉంటాయి కాబట్టి వాటి లెక్క వేరు.

మొదటి మెట్టు: లాగ్‌బుక్‌ను అడగండి

గత పన్నెండు నెలల ప్రయాణాలు ముందు పెట్టుకుని కూర్చోండి. వచ్చే ఏడాది ఎలా ఎగరాలనుకుంటున్నారన్నది పక్కన పెట్టి, నిరుడు ఎలా ఎగిరారో చూడండి. మబ్బులు చీల్చుకుంటూ వందల మైళ్లు వెళ్లాలని అందరికీ ఉంటుంది. లాగ్‌బుక్ మాత్రం ఆదివారం ఉదయం గంటసేపు చక్కర్లు కొట్టి దిగినట్టు చెబుతుంది.

ఎగిరేది పగటిపూట, కంటిచూపు మీద, దగ్గరి ప్రాంతాలకే అయితే ఒక నమ్మకమైన రేడియో, రాడార్‌కు జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్ పనిచేస్తూ, ఒళ్లో ఒక టాబ్లెట్ ఉంటే చాలు. అంతకు మించినదంతా ముచ్చట కోసమే. ముచ్చట తప్పు కాదు, కానీ దాన్ని అవసరం అని పిలవకూడదు. దూరప్రయాణాలు ఎక్కువైతే ఆటోపైలట్‌కు విలువ వస్తుంది. ఐఎఫ్ఆర్‌లో, అంటే పరికరాల ఆధారంగా మబ్బుల్లో ఎగిరే పద్ధతిలో, నెలకు రెండు మూడు సార్లయినా వెళుతుంటే అప్పుడు ఆధునిక జీపీఎస్ నావిగేటర్ గురించి మాట్లాడుకోవచ్చు.

విమానం కొని ఏడాది కాలేదా? చట్టానికో భద్రతకో అడ్డం వచ్చే లోపం లేకపోతే ప్యానెల్‌ను ముట్టుకోకండి. ఒక ఏడాది, లేదా కనీసం యాభై గంటలు, ఉన్నదానితోనే ఎగరండి. కొన్న వారంలో రాసుకున్న కోరికల జాబితాను ఏడాది తర్వాత తీసి చూస్తే సగం అంశాలు ఎందుకు రాశామో మనకే గుర్తుండదు.

రెండో మెట్టు: చట్టం ఏమడుగుతోందో చూడండి

కొన్ని పరికరాల విషయంలో మన ఇష్టంతో పని లేదు. అమెరికాలో 2020 జనవరి 1 నుంచి ప్రధాన విమానాశ్రయాల చుట్టూ 30 నాటికల్ మైళ్ల పరిధిలోనూ, దాదాపుగా 10,000 అడుగుల పైనంతటా ఏడీఎస్-బీ అవుట్ తప్పనిసరి. మన విమానం ఎక్కడుందో సెకనుకొకసారి ప్రసారం చేసే వ్యవస్థ ఇది. దీనికి రెండు దారులున్నాయి. 978 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే పరికరం అమెరికాలో, అదీ 18,000 అడుగుల లోపే చెల్లుతుంది. 1090 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ట్రాన్స్‌పాండర్ సరిహద్దు దాటినా పనికొస్తుంది. విమానాన్ని ఎప్పుడో వేరే దేశపు కొనుగోలుదారుకు అమ్మే అవకాశం ఉందనుకుంటే రెండోదే మేలు.

యూరప్‌లో 2018 నుంచి రేడియో ఛానళ్ల మధ్య 8.33 కిలోహెర్ట్జ్ ఎడం తప్పనిసరైంది. పాత 25 కిలోహెర్ట్జ్ ఎడాన్ని మూడు ముక్కలు చేసి ఛానళ్ల సంఖ్య పెంచారు. పాత రేడియో ఆ మధ్య ఛానళ్లను పట్టుకోలేదు.

ప్రమాదం జరిగినప్పుడు సంకేతం పంపే ఈఎల్‌టీ సంగతి చాలామంది మరచిపోతారు. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఆపదలో ఉన్నవారి సంకేతాలు వినే కోస్పాస్-సార్సాట్ ఉపగ్రహాలు 121.5 మెగాహెర్ట్జ్ సంకేతాలను వినడం మానేశాయి. పాతరకం ఈఎల్‌టీ తోక భాగంలో బుద్ధిగా కూర్చుని ఉన్నా, దాని మొర ఆ దారిలో వెళుతున్న ఏ విమానమో వింటే తప్ప ఎవరి చెవినా పడదు. 406 మెగాహెర్ట్జ్ రకానికి మారడం నా దృష్టిలో బేరమాడదగ్గ విషయం కాదు.

మూడో మెట్టు: ఉన్నదాని నాడి పట్టండి

నేలమీద ఒక గంట, గాలిలో ఒక గంట కేటాయించండి. రెండు రేడియోల్లోనూ దూరపు టవర్‌తో, దగ్గరి టవర్‌తో మాట్లాడండి. నేలమీది రేడియో స్టేషన్ దిక్కు చూపే వీఓఆర్ సూదులు రెండూ ఒకే దిక్కు చెబుతున్నాయో లేదో పోల్చండి. రన్‌వేకు దారి చూపే ఐఎల్ఎస్ సంకేతాల మీద ఒక అప్రోచ్ (దిగే ప్రయత్నం) చేసి, దిగే వాలును చూపే గ్లైడ్ స్లోప్ జెండా ఊగిసలాడుతోందేమో చూడండి. ఆటోపైలట్‌ను హెడింగ్ (విమానం ముక్కు చూపే దిక్కు) మీద, ఎత్తు మీద ఐదు నిమిషాలు వదిలేయండి. ల్యాండింగ్ లైట్లు, వేగం కొలిచే గొట్టాన్ని వేడిచేసే పిటోట్ హీటు, స్ట్రోబులు అన్నీ ఒకేసారి వేసి వోల్టేజి ఎంతకు దిగుతోందో రాసుకోండి. చీకట్లో కూర్చుని ఏ అంకెలు కనిపించడం లేదో చూసుకోండి.

లోపం కనిపించగానే పెట్టెను నిందించవద్దు. పాత విమానాల్లో రేడియో జబ్బులు చాలావరకు యాంటెన్నాలోనో, దానికి వెళ్లే కోయాక్స్ తీగలోనో, తుప్పు పట్టిన కనెక్టరులోనో, వదులైన గ్రౌండ్ బిగింపులోనో ఉంటాయి. ఒకసారి నా విమానంలో వీఓఆర్ సూది కుడివైపు మలుపు తిరిగినప్పుడల్లా పడిపోయేది. రేడియోను విప్పి బెంచీ మీద పరీక్షింపజేశాను, బాగానే ఉందన్నారు. అద్దెకు ఇంకో రేడియో పెట్టి చూశాను, అదే వరస. చివరికి తోకలోని యాంటెన్నా కనెక్టరు పచ్చగా తుప్పు పట్టి కనిపించింది. గంట పని. అప్పటికే నేను కొత్త రేడియోకు బయానా ఇవ్వబోయి ఆగిన మనిషిని.

పరీక్ష అయ్యాక పరికరాలను మూడు కుప్పలుగా విడగొట్టండి. పనిచేస్తూ, మరమ్మతుకు విడిభాగాలు దొరికేవి మొదటి కుప్ప, వీటిని ముట్టుకోకండి. పనిచేయనివి మూడో కుప్ప. చిక్కంతా మధ్య కుప్పలో ఉంది: ఇవాళ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి, కానీ పాడైతే బాగుచేసే దిక్కు లేదు. వీటిని చచ్చేదాకా వాడుకోవచ్చు, తప్పు లేదు. అయితే వాటి స్థానంలో ఏది వస్తుందో మాత్రం ఇప్పుడే తేల్చి కాగితం మీద పెట్టుకోండి. ప్రయాణం మధ్యలో రేడియో పోయి, తెలియని ఊళ్లో దొరికిన పెట్టె పెట్టించుకోవలసి రావడం కంటే ఖరీదైన అప్‌గ్రేడ్ ఉండదు.

1998లో వచ్చిన గార్మిన్ జీఎన్ఎస్ 430 అనే జీపీఎస్ నావిగేటర్ ఈ మధ్య కుప్పకు మంచి ఉదాహరణ. వేలాది విమానాల్లో ఇప్పటికీ ఉంది. పేరు చివర డబ్ల్యూ అక్షరం ఉందో లేదో చూడండి. ఉంటే అది ఉపగ్రహ దిద్దుబాటు సంకేతాలను అందుకుంటుంది. అమెరికాలో వాస్, యూరప్‌లో ఎగ్నోస్, భారత్‌లో గగన్ పంపేవి ఆ సంకేతాలే. వాటితో ఎల్‌పీవీ అప్రోచ్‌లు, అంటే ఉపగ్రహాల సాయంతో రన్‌వే వైపు దిగడం, సాధ్యమవుతాయి; అనువైన రన్‌వేల దగ్గర 200 అడుగుల ఎత్తు వరకు దిగి, నేలకు దించాలా వద్దా అన్న నిర్ణయం తీసుకోవచ్చు. డబ్ల్యూ లేకపోతే ఆ సౌకర్యం లేదు. 430 కాలం తీరితే ప్యానెల్ కోయకుండా అదే ట్రేలోకి జారిపోయే అవిడైన్ ఐఎఫ్‌డీ 440 వంటివి ఉన్నాయి. ఇలాంటి జారుడు మార్పిడి దొరికిన చోట ఖర్చు చాలా తగ్గుతుంది.

నాలుగో మెట్టు: గొలుసు గీయండి

కౌపీన సంరక్షణార్థం కథ తెలియనివారుండరు. గోచీని ఎలుకలు కొరికాయని పిల్లిని తెచ్చి, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చి, చివరికి సన్యాసి సంసారి అయ్యాడు. ఏవియానిక్స్ షాపులో జరిగేది అచ్చంగా ఇదే. ఒక పెట్టె ఇంకో పెట్టెను పిలుస్తుంది. కాబట్టి కొటేషన్ అడగకముందే ఒక పెద్ద కాగితం మీద ఏది దేనితో ముడిపడి ఉందో గీయాలి.

వాక్యూమ్ పంపుతో తిరిగే పాత యాటిట్యూడ్ ఇండికేటర్‌ను తీసుకుందాం. ఈ పంపుల్లోని గ్రాఫైట్ రెక్కలు అరిగి, ఏ హెచ్చరికా లేకుండా విరిగిపోతాయి. మబ్బుల్లో అది జరిగితే క్షితిజాన్ని చూపే పరికరం మెల్లగా ఒరిగిపోతూ అబద్ధం చెబుతుంది. అందుకే దాన్ని తీసి ఎలక్ట్రానిక్‌ది పెట్టాలనుకోవడం మంచి ఆలోచనే. కానీ మీ ఆటోపైలట్ పాత కింగ్ కేఎఫ్‌సీ 150 అయితే, విమానం ఎటు ఒరిగిందో అది తెలుసుకునేది కేఐ 256 అనే ఆ యాటిట్యూడ్ ఇండికేటర్‌లోని వాక్యూమ్ గైరో (గిర్రున తిరిగే చక్రం) నుంచే. దాన్ని పీకేస్తే ఆటోపైలట్ గుడ్డిదవుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. గార్మిన్ జీఐ 275లో ఒక రకం ఆ గైరో స్థానాన్ని భర్తీ చేయగలదు, జీ5 చేయలేదు. రెండూ ఒకే సంస్థవి, దూరం నుంచి చూస్తే రెండూ చిన్న తెరలే. తేడా అంతా వెనుక తీగల్లో ఉంది.

అదే మీది ఎస్-టెక్ వారి రేటు (మలుపు వేగం) ఆధారిత ఆటోపైలట్ అయితే పరిస్థితి తిరగబడుతుంది. దానికి ఆధారం మలుపు వేగాన్ని చూపే టర్న్ కోఆర్డినేటర్. యాటిట్యూడ్ ఇండికేటర్‌ను నిక్షేపంగా మార్చుకోవచ్చు, టర్న్ కోఆర్డినేటర్ జోలికి మాత్రం పోకూడదు.

గొలుసు అక్కడితో తెగదు. కొత్త హెడింగ్ పరికరానికి అయస్కాంత దిక్కును పసిగట్టే మాగ్నెటోమీటర్ కావాలి. దాన్ని ఉక్కు కేబుళ్లకు, స్ట్రోబు తీగలకు దూరంగా పెట్టాలంటే రెక్క చివరిదాకా తీగ లాగాలి. కొత్త నావిగేటర్‌కు పాత జీపీఎస్ యాంటెన్నా సరిపోకపోవచ్చు. అప్పుడు పైకప్పు లోపలి గుడ్డ విప్పాలి. వేగం, ఎత్తు చూపే పరికరాలకు గాలి ఒత్తిడి అందించే పిటోట్, స్టాటిక్ గొట్టాలు విప్పితే మళ్లీ లీక్ పరీక్ష చేయాలి. వాక్యూమ్ వ్యవస్థను పూర్తిగా తీసేస్తే బరువు తగ్గుతుంది, కానీ ఆ భారమంతా ఆల్టర్నేటర్ మీద, బ్యాకప్ బ్యాటరీల మీద పడుతుంది. చివర్లో బరువు-సమతుల్యత లెక్క మారుతుంది, దిక్సూచిని కొత్తగా సరిచూడాలి. ఈ ఒక్కొక్క లింకూ బిల్లులో ఒక్కొక్క పంక్తి.

గొలుసు గీయడం వల్ల ఇంకో లాభం ఉంది. ఏయే పనులు ఒకేసారి చేయాలో తెలుస్తుంది. ప్యానెల్ వెనుక తెరవడం, మూయడం అనే కూలి ప్రతిసారీ కొత్తగా పడుతుంది. మూడేళ్లలో మూడుసార్లు విప్పించుకున్నవారు ఒకే పనికి మూడుసార్లు కట్టినట్టే. అన్నీ ఒకేసారి కొనే స్తోమత లేకపోతే, తర్వాత రాబోయే పరికరానికి తీగలైనా ఇప్పుడే వేయించి, చివరలు కట్టి పెట్టించండి.

ఐదో మెట్టు: ఏది ముందు, ఏది వెనుక

ఇక్కడ నా వరస చెబుతాను. షాపువారు సాధారణంగా చెప్పే వరసకు ఇది దాదాపు తలకిందులు.

ముందు తీగలు. ప్యానెల్ వెనుక దశాబ్దాల తరబడి ఎవరెవరో వేసిన తీగలుంటాయి. అమెరికాలో లొరాన్-సీ అనే పాత నావిగేషన్ వ్యవస్థ సంకేతాలు 2010లోనే ఆగిపోయాయి, అయినా దాని యాంటెన్నాలను మోస్తూ తిరిగే విమానాలు నేటికీ ఉన్నాయి. నేలమీది రేడియో స్టేషన్ దిక్కు చూపే పాత ఏడీఎఫ్ పెట్టె ఎప్పుడో తీసేసి, తీగను మాత్రం అలాగే వదిలేసినవీ ఉన్నాయి. ఈ చచ్చిన తీగలన్నీ తీయించి, పెళుసెక్కిన వాటిని మార్పించడం ఎవరికీ చూపించుకోలేని ఖర్చు. విమానానికి అంతకంటే మేలు చేసే ఖర్చు మాత్రం లేదు.

తర్వాత ఇంజన్ మానిటర్. ప్రతి సిలిండర్‌కూ విడివిడిగా ఎగ్జాస్ట్ వేడి, సిలిండర్ తల వేడి చూపిస్తుంది. అతుక్కుపోతున్న వాల్వు, మూసుకుపోతున్న ఇంజెక్టర్ ముందే పట్టుబడతాయి. అన్ని మానిటర్లూ పాత గేజీలను తీసేయడానికి అనుమతి పొందినవి కావు. ప్రైమరీగా ఆమోదం ఉన్నదేనా అని అడిగి తెలుసుకోండి.

మూడోది ఆటోపైలట్. ఒంటరిగా మబ్బుల్లో ఎగిరేవారికి తెరలన్నీ కలిపినా ఇంత సాయం చేయవు. ఎస్‌టీసీ అనే అనుబంధ ఆమోదపత్రంలో మీ విమానం మోడల్ పేరు, సంవత్సరంతో సహా, ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే ఆ ముచ్చట అక్కడితో సరి. కొన్ని కొత్త ఆటోపైలట్లకు తోడుగా ఎలక్ట్రానిక్ ఫ్లైట్ పరికరం ఉండి తీరాలి. గార్మిన్ జీఎఫ్‌సీ 500 అలాంటిదే. కాబట్టి వాక్యూమ్ గైరోను తీసేయడం, ఆటోపైలట్ పెట్టడం ఒకే పనిగా చేయించుకోవచ్చు.

నాలుగోది జీపీఎస్ నావిగేటర్. ఎంత మంచిది పెట్టించినా ఒక వీఓఆర్, ఐఎల్ఎస్ రిసీవర్‌ను మాత్రం వదులుకోకండి. జీపీఎస్ సంకేతాలను చెడగొట్టే జోక్యం కొన్ని ప్రాంతాల్లో ఇప్పుడు నిత్యకృత్యం.

పెద్ద తెరలు చివరన. ఇది నా మొండితనం అనుకునేవారికి ఒక సంగతి గుర్తుచేస్తాను. అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు 2010లో చిన్న విమానాల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. గాజు తెరల కాక్‌పిట్ ఉన్న విమానాల్లో మొత్తం ప్రమాదాల రేటు తక్కువగా, ప్రాణాంతక ప్రమాదాల రేటు మాత్రం ఎక్కువగా తేలింది. తెరలు చెడ్డవని దీని అర్థం కాదు. అలాంటి విమానాలు దూరాలు, మబ్బుల్లో ఎక్కువగా వెళ్లాయి. ఆ పరికరాలకు తగిన శిక్షణ ఉండాలని బోర్డు సిఫారసు చేసింది. ఆ శిక్షణ ఖర్చు ఏ కొటేషన్‌లోనూ ఉండదు, మీరే కలుపుకోవాలి.

ఆరో మెట్టు: లెక్క

పెట్టె ధర చూసి మోసపోకండి. పూర్తి ప్యానెల్ పనిలో పెట్టెల ధరకు దగ్గరగా కూలి రావడం వింతేమీ కాదు. పాత విమానాల్లో తెరిచాక బయటపడే జబ్బులకు మరికొంత డబ్బు విడిగా ఉంచుకోవాలి.

అమ్మేటప్పుడు ఈ డబ్బు తిరిగి రాదు. సగం వస్తే అదృష్టం అని అమ్మకాల్లో తలపండినవారు అంటుంటారు. విమానాన్ని కనీసం ఐదేళ్లు ఉంచుకునే ఉద్దేశం లేకపోతే పెద్ద పని పెట్టుకోకూడదన్నది నా సొంత నియమం. ఇంకో నియమం కూడా ఉంది: మొత్తం ఖర్చు విమానం విలువలో మూడో వంతు దాటితే కలం కింద పెట్టి, అదే మోడల్‌లో ఇంకొకరు ఇప్పటికే ఇవన్నీ పెట్టించి అమ్ముతున్న విమానం కోసం వెతకండి. ఆయన పోగొట్టుకున్న సగం మీకు లాభం. ఇంకా విమానం కొననివారికైతే ఇదే నా మొదటి సలహా.

ఇంజన్ గంటలు చూశారా? లైకమింగ్ ఓ-360 వంటి ఇంజన్లకు ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) వ్యవధి సాధారణంగా 2,000 గంటలు. మీది 1,800 దగ్గర ఉంటే ప్యానెల్ డబ్బు నిజానికి ఇంజన్ డబ్బు. దాన్ని తెరల మీద పెట్టి, రెండేళ్ల తర్వాత మెరిసే ప్యానెల్‌తో, ఎగరని ఇంజన్‌తో హ్యాంగరులో కూర్చున్న విమానాలను నేను చూశాను.

ఏటా వచ్చే ఖర్చులూ ఉన్నాయి. నావిగేషన్ డేటాబేస్ 28 రోజులకొకసారి మారుతుంది, దానికి చందా కట్టాలి. బీమాలో రాసిన విమానం విలువను పెంచుకోవాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ పాత ప్యానెల్ విలువే ఇస్తుంది. వారాలు, ఒక్కోసారి నెలలు విమానం షాపులోనే ఉంటుంది.

ఏడో మెట్టు: షాపుతో మాట్లాడే తీరు

కొటేషన్ కాగితం మీద ఒక్కో పరికరానికి ఒక్కో పంక్తి ఉండాలి. పాత తీగలు తీసే పని, బరువు-సమతుల్యత కాగితాలు, ఫ్లైట్ మాన్యువల్ అనుబంధం, కొత్త వైరింగు చిత్రం, పరీక్షా ప్రయాణం ధరలో కలిసే ఉన్నాయా అని ఒక్కొక్కటిగా అడగండి. తీసేసిన పాత పెట్టెలు ఎవరివో ముందే రాయించుకోండి. పనిచేసే పాత రేడియోలకు కొనేవారున్నారు.

షాపుకు వెళ్లినప్పుడు గోడమీది ఫోటోలు చూడటం మాని, పని మధ్యలో ఉన్న ఏదైనా ప్యానెల్ వెనుక భాగం చూపించమనండి. తీగలు కట్టలు కట్టి, చీటీలు అంటించి ఉన్నాయా, ఎండిన లతల్లా వేలాడుతున్నాయా అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది. చూపించడానికి వెనుకాడే చోట విమానం వదలకండి.

ప్యానెల్ కోయడానికి ముందు అట్టముక్కల మీద కొత్త పరికరాలను అసలు కొలతల్లో గీసి, కత్తిరించి, పాత ప్యానెల్ మీద అంటించండి. సీట్లో కూర్చుని బెల్టు కట్టుకుని చేయి చాచండి. నావిగేటర్ బటన్లు అందుతున్నాయా? స్టీరింగ్ లాంటి యోక్ ఏ తెరను కప్పేస్తోంది? పైసా ఖర్చు లేని ఈ పనిని చేసేవారు చాలా అరుదు.

ఎనిమిదో మెట్టు: విమానం చేతికొచ్చాక

మొదటి ప్రయాణం ఆకాశం తేటగా ఉన్న పగటిపూట, మరో పైలట్ తోడుగా చేయండి. ఒకరు బయట చూడాలి, ఒకరు పరికరాలతో కుస్తీ పట్టాలి. ఆటోపైలట్‌ను తగినంత ఎత్తులో పెట్టి, దాన్ని ఎన్ని రకాలుగా ఆపవచ్చో అన్ని రకాలుగా ఆపి చూడండి. అమెరికాలో అయితే ఏడీఎస్-బీ సరిగా ప్రసారమైందో లేదో చెప్పే నివేదికను విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఉచితంగా ఇస్తుంది, తెప్పించుకోండి. లోపాలన్నీ ఒకే జాబితాగా రాసి ఒకేసారి షాపుకు ఇవ్వండి. కనీసం పది గంటలు పూర్తయ్యేవరకు కొత్త ప్యానెల్‌తో మబ్బుల్లోకి వెళ్లవద్దు.

అన్ని మెట్లూ ఎక్కాక వచ్చిన జవాబు "వద్దు" అయితే, అదీ పూర్తి జవాబే. తుప్పు పట్టిన కనెక్టర్లు మార్పించండి. టాబ్లెట్‌కు తోడుగా చుట్టుపక్కల విమానాలను చూపే చిన్న ఏడీఎస్-బీ రిసీవర్ కొనండి. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే పరికరం ఒకటి, సంచిలో చేతి రేడియో ఒకటి పెట్టుకోండి. మీరు గీసిన గొలుసు కాగితాన్ని మడిచి లాగ్‌బుక్‌లో దాచి, వచ్చే వార్షిక తనిఖీకి ప్యానెల్ తెరిచినప్పుడు బయటికి తీయండి.